నడివీధిలో ముగ్గు

మా వీధిలో క్యాబ్‌లు తిరగడం మొదలైన రోజుల్లో నాకు తెల్లవారుజామంటే భయం పట్టుకుంది. రిటైరైన మనిషికి అది హాయిగా గడవాల్సిన వేళ. కాఫీ తాగుతూ, ముందురోజు డైరీలో రాయడం మరిచిపోయిన సంగతులేవైనా ఉంటే రాసుకుంటూ కూర్చోవచ్చు. నాకు మాత్రం మెలకువ రాగానే చెవులు వీధి మీదికి పోయేవి.

మెయిన్ రోడ్డు మీద ఫ్లైఓవర్ పని నడుస్తున్న కాలం అది. బేగంపేట నుంచి సికింద్రాబాద్ స్టేషన్ వైపు వెళ్లేవాళ్లకు మా వీధి అడ్డదారిగా దొరికింది. పగలు వచ్చే స్కూటర్లతో, ఆటోలతో నాకు పేచీ లేదు. పగటి రద్దీలో ఎవరూ వేగంగా పోలేరు. భయమల్లా కాల్ సెంటర్ల క్యాబ్‌లతోనే. రాత్రంతా ఫోన్లలో మాట్లాడి అలిసిపోయిన పిల్లల్ని అవి తెల్లవారుజామున ఇళ్ల దగ్గర దింపేవి. ఆ డ్రైవర్లు కూడా రాత్రంతా మేలుకున్నవాళ్లే. ఖాళీ వీధి కనబడితే ఆగేవాళ్లు కాదు. వాళ్లు వచ్చే వేళా, మా వీధి ఆడవాళ్లు ముగ్గులు వేసే వేళా ఒక్కటే.

మా ఇళ్లకు వాకిలి అంటూ లేదు. గేటు తీస్తే రోడ్డే. ముగ్గు వేసే మనిషి ఇంటికి ఎదురుగా నడుం వంచి, వీధికి వీపు పెట్టి నిలబడుతుంది. చూపంతా చుక్కల మీదే ఉంటుంది. పక్కనుంచి ఏం వస్తోందో చెవులే చెప్పాలి.

మా ఆవిడకు ఆ ముందు సంవత్సరమే కుడి చెవి పూర్తిగా పోయింది. "ఎడమ చెవి బాగానే ఉందమ్మా, మాటలకు ఇబ్బంది లేదు. కానీ చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో మీకు తెలియదు. రోడ్డు మీద జాగ్రత్త" అన్నాడు డాక్టరు. నిజంగానే ఏ చప్పుడైనా ఆమెకు ఎడమ పక్కనుంచే వచ్చినట్టుండేది. హాల్లో ఫోన్ మోగితే వంటింటి వైపు చూసేది. చూసి, తనలో తనే నవ్వుకునేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఒకరోజు నేను పేపరు కోసం బయటికి వచ్చేసరికి హారన్ వినబడింది. ఆమె చప్పున నిటారుగా లేచి, ఎడమకు చూసి, కుడివైపుకి అడుగు వేసింది. క్యాబ్ వస్తున్నది కుడివైపు నుంచే. దాని అద్దం ఆమె మోచేతిని రాసుకుంటూ పోయింది. ముగ్గు డబ్బా ఎగిరి ఎదురింటి గోడకు తగిలింది. బండి ఆగలేదు. నేను పరిగెత్తి వెళ్లేసరికి ఆమె డబ్బా మూత కోసం వెతుక్కుంటోంది.

ఆ మర్నాటి నుంచి టార్చి పట్టుకుని ఆమె పక్కన నిలబడడం మొదలుపెట్టాను.

"ఏటండీ, ట్రాఫిక్ పోలీసులా ఈ నిలబడ్డం? వీధంతా నవ్వుతున్నారు" అనేది.

"నవ్వనీ."

"పోనీ ఒక ఈల కూడా కొనుక్కోండి. టోపీ నేను కుట్టిస్తాను."

ముగ్గు గేటు లోపల వేసుకోమని బతిమాలాను. గేటు లోపల వేసేదాన్ని ముగ్గు అనరంది. పుట్టింట్లో, అత్తింట్లో, ఈ ఊరొచ్చాక అద్దె కొంపల్లో కూడా వీధి గుమ్మం ముందే వేశానంది. ఆ మాట దగ్గర వాదన ఆగిపోయేది.

చివరికి కాలనీ పెద్దలం కొందరం కలిసి ట్రాఫిక్ స్టేషన్‌కి వెళ్లాం. అక్కడి ఎస్సై ఓపిగ్గానే విన్నాడు. మా వీధి బేగంపేట వైపు మూలను ఇసుక నింపిన డ్రమ్ములతో మూసేస్తామన్నాడు. వీధిలోవాళ్లు రెండో చివర నుంచి వచ్చిపోవాలి.

"ట్రయల్ సార్ ఇది. కొన్నాళ్లు చూద్దాం. పబ్లిక్‌కి తక్లీఫ్ అయితే తీసేస్తం" అన్నాడు.

"తీసేముందు మాకు చెబుతారా?"

"మీకు చెప్పకుండ ఎట్ల తీస్తం సార్!" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

డ్రమ్ములు పెట్టిన మొదటి ఉదయం వీధిలో పావురాల రెక్కల చప్పుడు వినబడింది. వారం తిరిగేసరికి ముగ్గులు గేట్ల దగ్గర నుంచి కదిలి రోడ్డు మీదికి పాకాయి. ధనుర్మాసం వచ్చేసరికి నడివీధి దాకా వచ్చేశాయి. మా ముగ్గూ ఎదురింటి ముగ్గూ మధ్యలో కలుసుకునేవి.

"మీ తీగ మా పద్మంలోకి వచ్చేసిందమ్మా" అనేది ఎదురింటావిడ.

"మీ పద్మం బరువెక్కి ఇటు జారిందేమో చూసుకోండి" అనేది మా ఆవిడ.

నన్ను మాత్రం రావద్దంది. "పడుకోండి పోలీసుగారూ, మీ డ్యూటీ అయిపోయింది."

నా భయం తగ్గకపోగా పెరిగింది. బండ్లు తిరిగే రోజుల్లో వీధి ఆడవాళ్లు చుక్కకీ చుక్కకీ మధ్య ఒకసారి తలెత్తి చూసేవాళ్లు. ఇప్పుడు ఎవరూ చూడడం లేదు. మా ఆవిడైతే రోడ్డు మధ్యలో గొంతుక్కూర్చుని, ఆ ఉన్న ఎడమ చెవిని కూడా ఎదురింటావిడ కబుర్లకు అప్పగించేది. రేపు ఆ డ్రమ్ములు తీసేస్తే? ఆ ప్రశ్న నన్ను పొద్దున్నే లేపేది. ఆమె డబ్బా అందుకోకముందే మూల దాకా నడిచి వెళ్లి, డ్రమ్ముల్ని చేత్తో తాకి వచ్చేవాణ్ణి. డైరీలో ఏళ్లుగా మొదటి వాక్యం ఎండా వానా గురించి ఉండేది. ఆ రోజుల్లో "డ్రమ్ములు ఉన్నాయి" అని మొదలయ్యేది.

మూల మీద చాయ్ హోటల్ ఉంది. దాని యజమాని రోజూ నన్ను గమనించేవాడు.

"ఏంది సార్, గిట్ల దినాం వచ్చి చూస్తుండ్రు. ఎవలన్న ఎత్కపోతరనా?"

"ఎత్తుకుపోతారనే."

"పోనీయుండ్రి సార్. మీకు పింఛన్ వస్తది. నాకు బండి ఆగితేనే చాయ్ అమ్ముడుపోతది. క్యాబోళ్లు బంద్ అయిన కాడికెల్లి సగం పాలు మిగులుతున్నయ్. మేం సుత స్టేషన్‌కు పోయి చెప్పినం."

కోపంగా అనలేదు. అంటూనే చాయ్ గ్లాసు నా చేతిలో పెట్టాడు. అతను చెప్పినదాంట్లో తప్పేమీ కనబడలేదు. అందుకే ఇంకా భయం వేసింది. ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను.

"తీసేస్తే అప్పుడు చూసుకుందాం లెండి. ఇప్పట్నుంచీ ఏడవడం దేనికి?" అంది.

ఆ నెలలోనే మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. వీధివాళ్లంతా భోజనానికి వస్తారు. కూరగాయలు బోయిన్‌పల్లి మార్కెట్‌లో తెస్తే తాజాగా ఉంటాయని నేనే బయలుదేరాను. మాకు ఏళ్లుగా తెలిసిన ఆటో డ్రైవరు ఉన్నాడు, పక్క సందులో ఉంటాడు, మా ఆవిడ చేతి పులిహోర అంటే అతనికి ప్రాణం. ఇంకా చీకటిగా ఉంది, మంచు పడుతోంది. ఆటో ఎక్కేముందు మూల దాకా వెళ్లి చూశాను. డ్రమ్ములు ఉన్నాయి. చల్లగా చేతికి తగిలాయి. ధైర్యంగా ఎక్కి, రెండో చివర నుంచి వెళ్లిపోయాం.

సొరకాయలు, వంకాయలు, అరటికాయలు, కరివేపాకు కట్టలు వేసుకుని తిరిగి వస్తుంటే ఆకాశం తెల్లబడుతోంది.

"సార్, నా పులిహోర డబ్బ పక్కకు పెట్టుమని అమ్మకు యాద్ చెయ్యుండ్రి. పోయినసారి మీ చుట్టాలు ఊడ్చేసిండ్రు" అన్నాడు డ్రైవరు.

నవ్వబోతూ ముందుకు చూశాను. మా మూల వస్తోంది. అక్కడ తిరగకుండా నేరుగా పోయి, చుట్టు తిరిగి వెళ్లాలి.

"అరే వాహ్! డ్రమ్ములు తీసేసిండ్రు సార్! రోడ్ ఖుల్లా!" అంటూ అతను సంతోషంగా ఆటోని వీధిలోకి తిప్పేశాడు.

డ్రమ్ములు చాయ్ హోటల్ పక్కన ఆగిన లారీలోకి ఎక్కుతున్నాయి. మమ్మల్ని చూసి, మా వెనకే వస్తున్న క్యాబ్ కూడా లోపలికి తిరిగింది.

మా ఇంటి ముందు, స్తంభం దీపం కింద, సరిగ్గా రోడ్డు మధ్యలో ఆమె వంగి ఉంది. ఇంటికి ఎదురుగా, చెవుడున్న కుడి పక్క మా వైపు పెట్టుకుని. వ్రతం రోజు కదా, ముగ్గు ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా ఉంది. ఎదురింట్లో ఇంకా తలుపు తీయలేదు. చెప్పేవాళ్లెవరూ లేరు.

డ్రైవరు చెయ్యి హారన్ మీదికి వెళ్లడం చూశాను.

"కొట్టకు! హారన్ కొట్టకు!"

"ఏంది సార్? అమ్మ రోడ్డు మధ్యల ఉన్నది, కొట్టకుంటే ఎట్ల?"

"కొడితే మనకేసే వస్తుంది. కొట్టకు, ఆపు."

అతనికి అర్థం కాలేదు, కానీ వేగం తగ్గించాడు. వెనక క్యాబ్‌కి ఆటో నెమ్మదించడం నచ్చలేదు. కుడివైపుకి వచ్చి, మమ్మల్ని దాటబోతూ, పొడుగ్గా హారన్ కొట్టింది.

ఆమె నిటారుగా లేచింది. ఎడమకు తిరిగి, వీధి రెండో చివర వైపు చూసింది. అక్కడ ఏమీ లేదు. లేనిదానికి భయపడి, డబ్బా గుండెకు హత్తుకుని, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ మా వైపుకే రాసాగింది.

"అడ్డం పెట్టు!" అన్న గొంతు నాదే. ఎలా వచ్చిందో తెలియదు.

అతను హ్యాండిల్ కుడివైపుకి మెలిపెట్టాడు. ఆటో వీధికి అడ్డంగా తిరిగింది. క్యాబ్ బ్రేకులు కీచుమన్నాయి, అయినా అది ఆటో వెనక భాగానికి గట్టిగా తగిలింది. గోనెసంచి పక్కకు పడి కాయలు రోడ్డు మీద దొర్లాయి. ఆటో ముందు చక్రం ముగ్గు రేకుల మీద ఆగింది. ఆమెకీ దానికీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు ఉందో లేదో.

ఒక సొరకాయ దొర్లుకుంటూ వెళ్లి కాలికి తగిలాక ఆమె ఇటు తిరిగింది.

"ఏటండీ, కాయలన్నీ ఇలా పారబోశారేటి?"

వెనక క్యాబ్ డ్రైవరు అరుస్తున్నాడు. "ఏయ్, దిమాక్ ఉన్నదా? నడిరోడ్ల అడ్డం పెడ్తవా?"

"ఉన్నదనే పెట్టిన. దిగి ముందట చూడు!" అన్నాడు మా డ్రైవరు.

ఆ అబ్బాయి దిగి వచ్చాడు. ఎర్రబడ్డ కళ్లతో ఆమెనీ, కాళ్ల దాకా వచ్చిన ముగ్గునీ చూశాడు. "నాకు కనబడలే అన్నా. ఆటో ముందటుండె గద" అన్నాడు. ఈసారి గొంతు తగ్గింది. క్యాబ్‌లో మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒక అమ్మాయి నిద్రలేచి, ఏమైందో తెలియక అద్దంలోంచి చూస్తోంది.

నేనింకా ఆటోలోనే ఉన్నాను. ఆమే వచ్చి నా ముఖంలోకి చూసింది.

"ఇంత చలిలో ఈ చెమటలేటండీ?"

"డ్రమ్ములు తీసేశారు."

ఆమె మూల వైపు చూసింది. క్యాబ్‌ని చూసింది. తర్వాత రెండో చివర వైపు తిరిగి, ఆ ఖాళీ వీధిని చాలాసేపు చూసింది.

"హారన్ నాకు అటునుంచి వినబడింది" అంది చెయ్యి చాపి.

ముగ్గు పూర్తి కాకుండానే డబ్బాకు మూత పెట్టేసింది. గబగబా గేటు దగ్గరికి జరిగింది. అన్నాళ్లూ భయం నాది ఒక్కడిదే. ఆ క్షణంలో అది ఆమెకు కూడా చేరింది. చేరాలనే కదా ఇన్నాళ్లూ పోరాను, కానీ చూడలేకపోయాను.

వ్రతం జరిగింది. అందరూ భోంచేశారు. డ్రైవరు పులిహోర డబ్బాను మా ఆవిడ ముందే తీసి పక్కన పెట్టింది. స్టేషన్‌కి ఫోన్ చేస్తే, పైనుంచి ఆర్డర్ వచ్చింది సార్, ట్రయల్ అయిపోయింది అన్నారు. మాకు చెబుతామన్న మాట గుర్తు చేస్తే, చెప్పేవాళ్లమే సార్, టైం లేకపోయింది అన్నారు.

మర్నాడు నేను లేచేసరికి ఆమె గేటు లోపల నిలబడి ఉంది, డబ్బా చేతిలోనే ఉంది. గేటు గొళ్లెం తీయలేదు.

"రండి" అంది. "టార్చి తెచ్చుకోండి."

గేటుకి ఆనుకుని, చేటంత చోటులో చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. నేను ఆమెకు వీపు పెట్టి, మూల వైపు తిరిగి నిలబడ్డాను.

"వస్తోందా?" అంది.

"లేదు. వెయ్యి."

ఒక చుక్క పడింది. "ఇప్పుడు?"

"లేదు."

ఇంకొకటి పడింది. మూల మీద మంచు ఒక్కసారిగా తెల్లబడింది. లైట్లు వీధిలోకి తిరిగాయి.

"వస్తోంది" అన్నాను.

"ఎటునుంచండీ?" అంది, తల ఎత్తకుండా, ఎత్తితే ఎటు చూస్తుందో తనకే నమ్మకం లేనట్టు.

చటుక్కున వెనక్కి తిరిగాను. రెక్క పట్టుకుని గేటు లోపలికి లాగేశాను.