బూట్లు విడిచి డాబా ఎక్కిన సారు

ఈ మధ్యాహ్నం కామారెడ్డిలో మా వాడకట్టుకు మున్సిపాలిటీ సారు వచ్చారు. ఇంటిమీద సోలార్ పెట్టుకునేవాళ్లకు మున్సిపాలిటీ కూడా కొంత సాయం చేయాలని మా పక్కింటి లక్ష్మక్క చాలా రోజులుగా అడుగుతోంది. బీడీలు చుట్టే ఆమె తన ఇంటికి ఎప్పుడో పెట్టించుకుంది. ఇప్పుడు కొట్లాడుతున్నది మిగతా ఇండ్ల కోసం.

ఆ సోలార్ చూద్దామని తన డాబా ఎక్కబోతున్న సారును లక్ష్మక్క మెట్ల దగ్గరే ఆపింది.

"పైన వడియాలు ఎండవెట్టిన సార్, బూట్లు ఇక్కడ్నే విడువుండ్రి."

సారు విడిచారు. పైన అడుగు పెట్టారో లేదో అరికాళ్లు చుర్రుమన్నాయి. గెంతుతూ పోయి సోలార్ పలకల నీడలో నిలబడ్డారు.

"ఏందమ్మా, గింత కాలుతున్నది?"

"మా ఇండ్లమీద రోజు గిట్లనే కాలుతది సార్. మీరు జర సాయం చేస్తే గీ ఎండే అందరికి కరెంటు అయితది."

సారు కాదనలేకపోయారు. పైవాళ్లకు గట్టిగా రాస్తానని చెప్పి, మళ్లీ గెంతుతూనే దిగారు.

నేను వడియాల కోసం వెతికాను. ఓ మూల చేటలో గుప్పెడున్నాయి. లక్ష్మక్క మాత్రం ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టింది.

మీ వాడకట్టులో ఇలాంటి అక్క ఉందా? లేకపోతే చెప్పండి, మా అక్కను పంపిస్తాం. వడియాలు మాత్రం మీరే పెట్టుకోవాలి.