ట్రిగ్గర్ మీద రెండు వేళ్లు

నేను మదనపల్లెలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచర్‌ని. పిల్లల్ని ఎండలో నిలబెట్టి కేకలు వేస్తే జీతమిచ్చే ఉద్యోగం అని మా బావ అందరికీ చెప్పేవాడు. బావ అంటే మా మేనత్త కొడుకు, నన్ను కట్టుకున్నవాడు. బజారు వీధిలో ఆయనకు కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న అంగడి ఉండేది. నాకు నోరెక్కువ, ఆయనకు ఓపికెక్కువ. మా కాపురం సాఫీగా సాగిందంటే అందుకే సాగింది.

డెబ్బైల చివర్లో మాట ఇది. స్కూల్లో పరుగుపందేలు మొదలుపెట్టడానికి ఒక పిస్తోలు ఉండేది. చూడ్డానికి పిస్తోలే గానీ అందులో గుండు ఉండదు. దీపావళికి పిల్లలు కాల్చే బిళ్ల లాంటిదే, కాస్త పెద్దది, ఒకటి పెట్టి ట్రిగ్గర్ లాగితే ఢామ్మని మోగుతుంది. ఆ మోతకు పిల్లలు పరుగెత్తాలి. ట్రిగ్గర్ మాత్రం మహా మొండిది. సగం దాకా వచ్చి అక్కడ కాళ్లు తన్నిపెట్టి నిలబడిపోయేది. ఇంకా బలంగా లాగితే ఒక్కసారిగా వదిలేది. అది ఎప్పుడు వదులుతుందో దానికే తెలియదు, నాకెట్లా తెలుస్తుంది?

నా వేలిదీ కొంత తప్పుంది. అంతకు ముందటేడు వాలీబాల్ నెట్ బిగిస్తుంటే ఇనుప కొక్కెం జారి నా కుడిచేతి చూపుడువేలి మీద పడింది. ఎముక అతుక్కుంది గానీ వేలికి మునుపటి సత్తువ రాలేదు. చాక్‌పీస్ పట్టుకుంటుంది, అన్నం కలుపుతుంది, గట్టిగా ఏదైనా లాగమంటే మాత్రం వణుకుతుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. డ్రిల్ టీచర్ వేలే చెప్పిన మాట వినకపోతే పిల్లలు వింటారా? బావకు కూడా బాగైపోయిందనే చెప్పాను.

ఆ ఏడు కుప్పంలో జిల్లా స్కూళ్లన్నిటికీ కలిపి ఆటల పోటీలు పెట్టారు. అలాంటి పోటీల్లో మా ఆడ డ్రిల్ టీచర్లకు ఏం పని ఇస్తారో అందరికీ తెలిసిందే. గెలుపు గీత దగ్గర దారం పట్టుకోవాలి, మోకాళ్లు చెక్కుకుపోయిన పిల్లలకు మందు రాయాలి, పెద్దలకు మజ్జిగ పోయాలి. పిస్తోలు పట్టుకుని పందెం వదిలేది ఎప్పుడూ మగ మాస్టరే. ఆయన ఎర్ర కోటు వేసుకుని చెయ్యి పైకెత్తితే మైదానమంతా ఊపిరి బిగబట్టేది. ఆ ఎర్ర కోటు ఒక్కరోజు నేను వేసుకోవాలని ఎన్నాళ్లుగానో కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. పట్టుచీర మీద కూడా నాకంత ఆశ లేదు. పోటీల బాధ్యత పలమనేరు పెద్ద డ్రిల్ మాస్టరుది. ఏర్పాట్లు మాట్లాడ్డానికి ఆయన మా స్కూలుకు వచ్చినప్పుడు, ఆడపిల్లల పందేలైనా నాకివ్వండి సార్ అని వెంటపడి వెంటపడి అడిగాను.

"ఇస్తామ్మా, యాల ఇయ్యం? మీ స్కూలు పిస్తోలే తెచ్చుకో. కానీ ఒక్క పందెం తుస్సుమనిందంటే పిస్తోలు నేను తీసుకుంటా. తర్వాత నన్ను అనుకోవద్దు" అన్నాడు.

ఇంటికొచ్చి బావతో, పిస్తోలు మొండిదిగా ఉంది, ఏమన్నా చేయరాదా అన్నాను. పిస్తోలు మొండిదన్నానే గానీ వేలు మొండికేసిందని చెప్పలేదు. మిషన్లు బాగుచేసే చేతికి అదెంత పని అని ఆయన దాన్ని విప్పి, లోపలున్న స్ప్రింగు కొంచెం కత్తిరించి బిగించాడు. ట్రిగ్గర్ వెన్నలో వేలు పెట్టినట్టు వచ్చేసింది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

మర్నాడు స్కూల్లో ప్రాక్టీసు పెట్టాను. పిల్లల్ని గీత మీద వంచి, 'సెట్' అని, చెయ్యెత్తి లాగాను. టిక్కుమంది. స్ప్రింగులో సత్తువ పోయింది కదా, బిళ్ల పేలేంత దెబ్బ పడలేదు. ఇద్దరు పరుగెత్తారు, ఒకతి ముందుకు బోర్లా పడింది, మిగతావాళ్లు వంగినవాళ్లు వంగినట్టే ఉండి నా వైపు తల తిప్పి చూశారు. ఇంకోటి పెట్టాను, అదీ టిక్కే. సాయంత్రానికి నా పేరు టిక్కు టీచర్ అయిపోయింది.

వరండాలో నిలబడి హెడ్మిస్ట్రెస్ అంతా చూసింది. ఎడమచేత్తో అయితే ఎంత గట్టి స్ప్రింగైనా లాగగలను మేడం అన్నాను. ఆమె చెవులు మూసుకుంది.

"శుభమా అని మొదలుపెడతా ఎడంచెయ్యా? ముందర పెద్దోళ్లంతా కూర్చోని ఉంటారమ్మా! అట్లయితే ఆ మాస్టరుకే ఇచ్చెయ్, మనకు మర్యాదగా ఉంటాది."

ఇంటికి పోయి ఆ కోపమంతా బావ మీద దించాను. మిషన్ డాక్టరు వైద్యం చేస్తే రోగి ప్రాణం పోయిందన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన అన్నీ విని, చేతులు గుడ్డకు తుడుచుకుని, "ఈ పని నాది కాదు మే. పుంగనూరులో రైతుల లైసెన్సు తుపాకులు బాగుచేసే సాయిబు ఉండాడంట. ఆదివారం పోదాం పా" అన్నాడు. అంగడి మూసి వస్తానన్నాడు. ఆదివారమే ఆయనకు గిరాకీ ఎక్కువ.

హెడ్మిస్ట్రెస్‌ని అడిగి పిస్తోలు సంచిలో వేసుకుని బస్సెక్కాం. దారి పొడుగునా నేను ఆయనతో మాట్లాడలేదు. శనక్కాయలు కొనిస్తే మాత్రం తిన్నాను.

సాయిబు వయసు మళ్లిన మనిషి. వీధిలోకి ఉన్న అరుగే ఆయన అంగడి. గోనెపట్టా మీద ఆకురాళ్లు, నూనె రాయి, తోలు చుట్టిన చెక్కపుల్లలు పెట్టుకుని కూర్చున్నాడు. పిస్తోలు విప్పి, కత్తిరించిన స్ప్రింగు బయటికి తీసి, చెడిపోయిన పంటిని చూసినట్టు చూశాడు.

"యా అల్లా! దీన్ని యాల కోసినావు బాబూ? ఇదేం తప్పు చేసింది?" అన్నాడు.

బావ తల దించుకున్నాడు. అంతదాకా నేనన్న మాటలన్నిటికీ దించని తల అది. నాకు సాయిబు మీద కోపం వచ్చింది.

"నాకోసమే కోసినాడు తాతా" అన్నాను.

ముసలాయన నా వైపు చూసి నవ్వాడు. తన డబ్బాలో వెతికి సరిపోయే స్ప్రింగు ఒకటి వేశాడు. తర్వాత రెండు ఇనుప ముక్కలు తీసి చూపించాడు. ట్రిగ్గర్ లాగినప్పుడు ఒకదాని మీద ఒకటి జారేవి అవి. వాటికి కిరసనాయిలు బుడ్డి పొగ పట్టించి నల్లగా చేసి, మళ్లీ బిగించి, లాగి, విప్పాడు. మసి చెరిగిపోయిన చోట గీతలు తెల్లగా మెరుస్తున్నాయి.

"సూడమ్మా, ఈడ రాసుకుంటాండాది. కంకర రోడ్డు మీద బండి లాగినట్టు ఉంటాది నీకు. అరగదీసేది కాదు ఇది. అరిగితే పట్టు జారతాది, చెయ్యి తగిల్నా పేల్తాది. అద్దం చేయాల, అంతే."

నూనె రాయి మీద పెట్టి, అటొకసారి ఇటొకసారి, చంటిబిడ్డ ఒళ్లు రుద్దినంత మెత్తగా రుద్దాడు. తోలుపుల్లకు పొడి అద్ది మెరుగు పెట్టాడు. బిగించి లాగి చూసి, నాకు అంతా సాఫీగా ఉంది, నువ్వు చూడు అన్నాడు. నేను లాగాను. మునుపటికంటే నయమే గానీ మధ్యలో ఎక్కడో ఆగింది. ఆగిందని చెప్పాను. ఎక్కడ అని అడిగాడు. అక్కడే అన్నాను. అక్కడంటే ఎక్కడ? నాకు చెప్పడం రాలేదు. వేలు వణకడం తెలుస్తోంది, ఆగడం తెలుస్తోంది, ఏది ఏదో విడదీయడం తెలియడం లేదు.

ముసలాయన ఇబ్బందిగా గడ్డం నిమురుకున్నాడు. మగపిల్లాడైతే వేలు పట్టుకుని చూసేవాడే. పరాయి ఆడమనిషి చెయ్యి ఎట్లా పట్టుకుంటాడు? చివరికి బావ వైపు తిరిగాడు.

"నీ వేలు ఆమె వేలి మీద పెట్టు బాబూ. నువ్వు లాగొద్దు. ఆమె లాగేది ఇను. యాడ ఆగిందో నాకు చెప్పు."

నడి వీధి, ఆదివారం. సంతకు పోయే జనం, సైకిళ్లు, ఎదురింటి గడపలో బియ్యం చెరుగుతున్న ఆడవాళ్లు. పెళ్లినాడు చిటికెనవేలు పట్టుకుని నడవడమే తప్ప పదిమందిలో మేం ఒకరి చెయ్యి ఒకరం తాకినవాళ్లం కాదు. బావ చెవులు ఎర్రబడ్డాయి. అరుగు మీద నా పక్కన కూర్చుని, నూనె మరకల వేలు తీసుకొచ్చి నా వేలి మీద పెట్టాడు. ఎదురింటి ఆడవాళ్ల చేట ఆగిపోయింది.

నేను మెల్లగా లాగాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఈడ" అన్నాడు. "ఈడ పట్టుకునింది. ఇప్పుడు వదిలింది."

సాయిబు విప్పి, మసి పట్టించి, మెరుగు పెట్టి, బిగించి ఇచ్చాడు. మళ్లీ వేలి మీద వేలు. ఈసారి ఇంకొంచెం ముందు పట్టుకుంది. మళ్లీ విప్పాడు. ఎండ అరుగు మీదికి వచ్చి, అరుగు దిగి పోయింది. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత జనం కనపడటం మానేశారు. బావ వేలు బరువుగా లేదు, వెచ్చగా ఉంది. ఈ పని తొందరగా అయిపోకుంటే బాగుండునని ఎప్పుడు అనుకున్నానో నాకే తెలియదు.

ఒకసారి లాగుతుంటే ఆయన కళ్లు తెరిచి నా ముఖంలోకి చూశాడు.

"ఇది పిస్తోలు కాదు. నీ వేలే వణుకుతాండాది. ఇంత సత్తువ లేకుండా ఉండాదా మే? బాగైపోయిందంటివే?"

నేను వేలు తీసి కొంగులో దాచుకున్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. ముసలాయన మా ఇద్దరినీ చూడనట్టు తోలుపుల్లకు పొడి అద్దుకుంటూ కూర్చున్నాడు. పొద్దు వాలే ముందు ఒకసారి లాగితే ట్రిగ్గర్ ఎక్కడా ఆగకుండా, ఎప్పుడు వదలాలో నన్నడిగి వదిలినట్టు వదిలింది. బిళ్ల పెట్టి కాల్చాను. వీధి అదిరింది, ఎదురింటావిడ చేట కింద పడేసింది. సాయిబు చేతులు రెండూ ఆకాశానికెత్తి షుకర్ అన్నాడు.

మర్నాడు తెల్లారి నేను లేచేసరికి బావ బావిలో నీళ్లు తోడుతున్నాడు. బానలు నిండి ఉన్నాయి. తడిబట్టలు పిండి తీగ మీద వేసి ఉన్నాయి. మగవాడు బట్టలు పిండాడని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు. ఆయన ఇంకో బొక్కెన తోడుకున్నాడు. ఆ రోజు నుంచి బావి తాడు నా చేతికి ఇవ్వలేదు.

కుప్పానికి నేను పిల్లల్ని తీసుకుని ముందురోజే పోయాను. బావ అంగడి పని ఉంది, రానన్నాడు. తెల్లారి మైదానంలో మంచు ఇంకా విడవలేదు. చుట్టూ చేరిన జనం తెలుగు, అరవం, కన్నడం మూడూ కలిపి మాట్లాడుతున్నారు. పెద్ద మాస్టరు ఎర్ర కోటు తెచ్చి నాకిచ్చాడు. అది ఆయన కొలతది, నా మోకాళ్ల దాకా వచ్చింది. చేతులు మడుచుకుని వేసుకున్నాను. నవ్వినవాళ్లు నవ్వారు.

మొదటిది వంద మీటర్లు. ఆడపిల్లలు గీత మీద వంగారు. పెద్ద మాస్టరు నా వెనకాలే విజిల్ నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు. నేను తుస్సుమంటే ఊదడానికి సిద్ధం. ముందు వరుసలో పెద్దలు, వాళ్ల వెనక మా హెడ్మిస్ట్రెస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. చలికి నా వేలు కట్టెలా ఉంది. చెయ్యి పైకెత్తాను. ఇప్పుడు తప్పితే ఇక నా జన్మంతా మజ్జిగే అనిపించింది. 'సెట్' అన్నాను.

అప్పుడు కనపడ్డాడు. గీతకు పక్కగా, తాడు అవతల, పిల్లల గుంపులో అందరికంటే పొడుగ్గా, మఫ్లర్ చుట్టుకుని. తెల్లవారుజామున ఏ బస్సు పట్టుకున్నాడో. నవ్వలేదు, చెయ్యి ఊపలేదు. ఊరికే నిలబడి చూస్తున్నాడు. నాకు భయం పోయిందని చెప్పను, పోలేదు. వేలు మాత్రం మెల్లగా లాగింది. ట్రిగ్గర్ నీళ్ల మీద జారినట్టు వచ్చింది.

ఢాం!

పిల్లలు ఒక్క అంగలో దూసుకుపోయారు. ముందుకు పడినది లేదు, వెనక్కి చూసినది లేదు. పెద్ద మాస్టరు విజిల్ నోట్లోంచి తీశాడు. "పర్వాలేదమ్మా, బాగా వదిల్నావు. ఇంక ఇట్లియ్యి, ఎండ ముదురుతాంది, మిగతాయి నేను చూస్తా" అన్నాడు.

"మీరు నీడలో కూర్చోని మజ్జిగ తాగండి సార్" అన్నాను.

సాయంత్రం దాకా ఆడపిల్లల పందేలన్నీ నేనే వదిలాను. ఒక్కటి తుస్సుమనలేదు.

తిరుగు బస్సులో పిల్లలు వెనక సీట్లలో అరిచి అరిచి నిద్రపోయారు. బావ నా పక్కన కూర్చున్నాడు. నా కాళ్లు ఇంకా నేల మీదికి దిగలేదు.

"వంద మీటర్లలో మన పిల్ల రెండోదిగా వచ్చిందే, చూస్తివా?"

"లేదే."

"రిలేలో అంత ముందుండి కట్టె కింద పడేసిందే, అదైనా?"

"సూడలే."

"మల్ల అంగడి మూసుకోని అంత పొద్దున్నే బస్సెక్కి యాల వచ్చినట్టు? పరుగు సూడకుండా ఆడ గాడిదలు కాస్తాంటివా?"

ఆయన కిటికీ వైపు తిరిగి, "పరుగు సూసేదానికి ఎవరొచ్చినారు మే? నేను నిన్ను సూసేదానికి వస్తి" అన్నాడు.

ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. మాటకు బదులు ఏడుపొచ్చింది. పలమనేరు వచ్చేదాకా కొంగు ముఖాన కప్పుకునే కూర్చున్నాను.