గోపురం మీద కొయ్యసుత్తి

మేస్త్రీ అంకుల్ పోయారని కిందటి గురువారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "నిద్రలోనే అన్నా. కాఫీ తీసుకెళ్తే లేవలేదు," అంది. సింగపూర్ ఉత్తరాన సెంబవాంగ్‌లో వాళ్ళ ఫ్లాట్‌కి వెళ్ళాను. గోళ్ళ సందుల్లో సున్నం లేకుండా ఆయన చేతులను చూడడం అదే మొదటిసారి.

రోజువారీ ఖర్చులు తప్ప వేరే ఏదీ రాసే అలవాటు నాకు లేదు. తెలిసినంత రాస్తాను.

మేమిద్దరం పాత కట్టడాల సున్నపు పూత బాగుచేసేవాళ్ళం. చివరి పని ఒక చిన్న చర్చి. విక్టోరియా రాణి కాలంలో ఐర్లండ్ నుంచి వచ్చిన ఒకాయన దాన్ని గీశాడట. సన్నటి పొడుగు కిటికీలు, మొనదేలిన గోపురం, అంతా వాళ్ళ రాతి చర్చిల లాగానే. కానీ ఇక్కడ మన దేశం నుంచి వచ్చిన కూలీలు కట్టింది ఇటుకతో. పైన సున్నం పూసి, ఆరకముందే గీతలు గీసి, రాళ్ళు పేర్చినట్టు కనిపించేలా చేశారు.

"పాపం, దొరకీ ఊరి మీద బెంగే. రాళ్ళు మాత్రం మన తాతలు గీసిచ్చారు," అని నవ్వేవారు అంకుల్.

పూత ఎక్కడ గోడను వదిలేసిందో కంటికి కనిపించదు. కొయ్యసుత్తితో తట్టి వినాలి. డొల్లగా మోగితే ఎప్పుడైనా ఊడిపడుతుంది.

మొదటిసారి పరంజా ఎక్కినప్పుడు నా మోకాళ్ళు కొట్టుకున్నాయి. "ఏం తమ్ముడూ, గోడ కంటే నువ్వే ఎక్కువ మోగుతున్నావే!" అని ఏడిపించారు. కాసేపాగి, "ఆ భయం ఉంచుకో. అది లేని రోజు పైకి రావద్దు," అన్నారు.

ఒకరోజు కిటికీ కమాను దగ్గర తట్టి ఆగిపోయారు. అందరినీ దిగమన్నారు.

"ఇంకొక్క గంటే అంకుల్, కెన్ లా!" అని, చేసేయొచ్చన్నట్టు సింగపూర్ యాసలో బతిమాలాడు ఇక్కడే పుట్టిపెరిగిన మా కుర్ర సూపర్‌వైజర్.

"నో కెన్. దిగు."

మేం అన్నం పొట్లాలు విప్పేలోపే బల్లంత పెచ్చు ఊడి, అంతకుముందు మేం నిలబడ్డ పరంజా పలకలను విరగ్గొట్టింది. అంకుల్ ఆ పూట అన్నం ముట్టలేదు.

నిన్న గోపురం మీదికి ఒక్కణ్ణే ఎక్కాను. ఈ శనివారం అక్కడ పెళ్ళి. కింద దారి తెరవచ్చా అని సూపర్‌వైజర్ అడిగాడు. రెండుసార్లు తట్టాను. గట్టిగానే పలికింది. అయినా నా చెవిని నమ్మలేకపోయాను.

"తెరవొద్దు. పెళ్ళివాళ్ళని పక్క తలుపు నుంచి రమ్మను. రేపు మళ్ళీ వింటాను," అన్నాను.

అంకుల్ కొయ్యసుత్తి పరంజా మీద ఆయన తగిలించిన కొక్కేనికే ఉంది. తీయడానికి చెయ్యి రాక, వేలి కణుపులతోనే తట్టాను. గాలికి ఊగి అది అప్పుడప్పుడు గోడకు తగిలింది. తగిలిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి విన్నాను.