ప్లాస్టరు మీద పాస్‌వర్డు

నసక్క అన్న పేరు ఆమెకు పత్రికలవాళ్లు పెట్టింది. మాట మార్చమంటే చాలు, చెవిలో జోరీగలా నస పెడుతుందట. పొద్దున బట్టలు కుడుతుంది, మధ్యాహ్నం అపరాధ నవలలు రాస్తుంది. రెండింట్లోనూ అతుకు కనబడితే విప్పి మళ్లీ కుడుతుంది.

ఆ రోజు సంపాదకుడు ఆమె నవలను బల్లమీద పడేశాడు.

"ఇదేం హ్యాకింగమ్మా? డాక్టరు టీ తాగుతూ ల్యాబ్ రిపోర్టనుకుని ఏదో మెయిల్ నొక్కాడు, రోగుల వివరాలన్నీ పోయాయి. అంతేనా? నల్ల ముసుగేది? తెరమీద పచ్చ అక్షరాలేవి?"

"ముసుగేస్తే చెమట పోస్తుంది గానీ పాస్‌వర్డు రాదండీ."

ఆయన అచ్చేసే నవలల్లో దొంగ కీబోర్డు మీద తబలా వాయిస్తాడు, ఆస్పత్రి మొత్తం చీకటైపోతుంది. బయట వాన సరేసరి. ఆ రాసే మహానుభావుల్లో ఒక్కడైనా క్లినిక్ కౌంటరు వెనక ఒక పూట కూర్చున్న పాపాన పోలేదు.

నసక్క కూర్చుంది, అక్కడ పనిచేసే తన చెల్లెలి పక్కన. అక్కడ ఎవరి పేరుతో వాళ్లు కంప్యూటర్ తెరవాలి. డాక్టరుగారికి అంత ఓపికేదీ? "రోగులు నెత్తిమీద కూర్చుంటే మీరు పేర్లు కొట్టుకుంటారా?" అని కసిరి, తన పాస్‌వర్డే అందరికీ ఇచ్చేశాడు. గాయాలకు వేసే ప్లాస్టరు ముక్క మీద రాసి తెర పక్కన అతికించారు. చివరికి దొంగ మెయిల్ నొక్కింది ఆయనే. కంప్యూటర్ ఆయన పేరే చూపించింది. అయితేనేం? "నా పేరుతో అందరూ పనిచేస్తారుగా! ఆ పిల్లే వివరాలు అమ్ముకునుంటుంది" అన్నాడు. తను పెట్టిన అడ్డగోలు పద్ధతే తనకు గొడుగైంది. చెల్లెలి ఉద్యోగం పోయింది. దొంగ అన్న పేరు మాత్రం మిగిలింది. ఆ తర్వాత ఏ క్లినిక్ గడప తొక్కినా ఆ పేరు తనకంటే ముందే చేరేది.

సంపాదకుడు గొంతు తగ్గించాడు. "అంత పెద్ద డాక్టరు ఇలా చేశాడంటే ఎవరు నమ్ముతారు? కౌంటరు పిల్ల లంచం తిందని మార్చండి. వచ్చే వారమే మొదలుపెడదాం."

"కోటు వేసుకున్నవాడి తప్పు నమ్మరు. కౌంటరు పిల్ల దొంగంటే మాత్రం సాక్ష్యం కూడా అడగరు. బాగుందండీ మీ నమ్మకం!"

"కథేగా! ఎందుకమ్మా అంత పౌరుషం?"

"మా చెల్లెలి మీద డాక్టరు అల్లింది కూడా కథేనండీ." కాగితాలు సంచిలో కుక్కుకుని వచ్చేసింది.

ఇంట్లో చెల్లెలు జాకెట్‌కు హుక్కులు కుడుతోంది.

"తీసుకున్నారా అక్కా?"

"దొంగని మార్చమన్నాడే."

"ఎవర్ని పెట్టమన్నాడు?"

"నిన్నే."

"మళ్లీనా!" చెల్లెలు సూది ఆపింది. దారం కొరికి అడిగింది: "ప్లాస్టరు సంగతి రాశావా?"

"రాశాను."

"దాన్ని డాక్టరే తన చేత్తో అతికించాడని?"

అది రాయలేదు. 'అతికించారు' అని ఊరుకుంది. ఎవరు అతికించారో చెప్పకుండా తనూ పెద్దమనిషిని కాపాడింది! నసక్క పళ్లు నూరుకుంటూ కాగితాలు బయటికి తీసి, ఆ వాక్యం కొట్టేసి, డాక్టరే అతికించాడని మళ్లీ రాసింది.