కరిచే పిల్ల వేషం

టెక్కలిలో శిక్షణకి రమ్మని కబురొచ్చేనాటికి, కాశీబుగ్గలో నేను టీచరుగా ఉన్న అంగన్‌వాడీలో ఒక మూడేళ్ళ పిల్ల అందుబాటులో ఉన్న అందరినీ కరిచేసి ఉంది. నన్నూ, వంట చేసే ఆయమ్మనూ, బరువు తూచడానికొచ్చిన నర్సమ్మనూ వదల్లేదు. తోటి పిల్లల సంగతి చెప్పక్కర్లేదు.

వీధిలో తల్లులు ఒక్కటై వచ్చారు. "ఆ గుంట ఉంటే మా పిల్లల్ని పంపం" అన్నారు. సోమవారానికల్లా తేల్చమన్నారు. దాన్ని మానిపిస్తే, వాళ్ళమ్మ తనతోపాటు జీడిపిక్కల బట్టీకి తీసుకుపోవాలి. ఆ పొగలో పెద్దవాళ్ళే నిలబడలేరు.

తేల్చడం నావల్ల అయ్యే పని కాదు. బస్సు ఆపమని అడగలేక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చే మనిషిని నేను. నా ధైర్యమంతా డైరీలోనే. అందులో మాత్రం ఆ తల్లులందరినీ కడిగేశాను.

టెక్కలిలో పాఠం చెప్పిన మేడం మంచావిడే. పెంకి పిల్లల ముందు మోకాళ్ళ మీద కూర్చోవాలట. రెండు చేతులూ ప్రేమగా పట్టుకుని, కళ్ళలోకి చూస్తూ మాట్లాడాలట. ఆ పద్ధతి నేను అప్పటికే సొంతంగా కనిపెట్టి, దాని ఫలితాన్ని మోచేతి మీద మోస్తున్నాను. ఆ ముక్క డైరీకి చెప్పుకున్నాను.

తర్వాత అదంతా నటించి చూపించాలన్నారు. కరిచే పిల్ల వేషం ఎవరికి అంటే అందరూ నన్ను ముందుకు తోశారు. వచ్చిన దగ్గర్నుంచి నోరు విప్పలేదు కనక, కరవడానికైనా విప్పుతానని వాళ్ళ లెక్క.

మేడం నా చేతులు రెండూ పట్టుకుంది. మొహం నా మొహానికి జానెడు దూరంలో పెట్టి, ఎందుకు బంగారూ కోపం, నా కళ్ళలోకి చూడు అంది. హాలంతా నన్నే చూస్తోంది. చేతులు లాక్కోబోయాను. ఆవిడ ఇంకా ప్రేమగా బిగించింది.

కరిచేశాను. నటన కాదు.

ఆవిడ మణికట్టు చూసుకుని, నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక, "నోటితో చెప్పొచ్చు కదమ్మా" అంది.

"చేతులు మీ దగ్గరున్నాయి. తల తిప్పుకుందామంటే చూడు చూడు అంటున్నారు. ఇంక నాకు మిగిలింది పళ్ళేనండి."

అప్పటికి నా జీవితంలో అదే పెద్ద ఉపన్యాసం. మేడం బోర్డు మీద 'చేతులు పట్టుకుని' అన్న ముక్క చెరిపేసింది. నాకు కాస్త దూరంగా కూడా జరిగింది.

తిరుగు బస్సులో ఆ పిల్ల తల్లి చేతులు గుర్తొచ్చాయి. పిక్క తొక్కలోంచి కారే నూనె తగిలి తోలు ఊడిపోయి, నల్లగా ఉంటాయి. పిల్ల దగ్గరకొస్తే, ముట్టుకోకు, కాలిపోతావు అని ఆవిడ వెనక్కి జరగడం నేను చూశాను. చెయ్యి దగ్గరకొస్తే మంట అని ఆ పిల్ల నేర్చుకుని ఉంటుంది. మేమేమో రోజూ చేతులు చాపుకుంటూ పోతున్నాం.

సోమవారం తల్లులొచ్చారు. వాళ్ళమ్మ చేతుల మంట చూసి ఆ పిల్లకి చేతులంటేనే భయమని, ఎవరూ పట్టుకోకూడదని, తనంతట తను వచ్చేదాకా ఆగాలని నేల చూపులు చూస్తూ చెప్పాను. అందరికంటే ముందున్నావిడ తన చేతులు కూడా చాపి చూపించింది. అవీ నలుపే.

"మా పిల్లలూ ఈ సేతుల్లోనే పెరిగారు. ఆళ్ళు కరవనేదే."

కొన్నాళ్ళు చూడండి అని మాత్రం గొణిగాను.

"సూత్తాం. మళ్ళీ కరిత్తే?"

పొయ్యి దగ్గర్నుంచి ఆయమ్మ అందుకుంది. "కరిత్తే మా టీచరమ్మ తిరిగి కరుత్తాది. టెక్కల్లో మేడమ్మునే వదల్లేదట."

నాకంటే ముందు బస్సులో ఆ కబురు వచ్చేసిందన్నమాట. తల్లులు నన్ను ఎగాదిగా చూశారు. ఒకావిడ పైట నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో, భయమో తెలీదు. దసరా దాకా చూస్తామని చెప్పి, పిల్లల్ని వదిలి వెళ్ళిపోయారు.

ఇదంతా వింటున్న ఆ పిల్ల మూలనుంచి లేచి వచ్చింది. నోరు తెరవమని సైగ చేసింది. తెరిచాను. నా పళ్ళు శ్రద్ధగా పరిశీలించి, ఫరవాలేదన్నట్టు తలాడించి, నా పక్కనే చతికిలబడింది.

నేను చేతులు నా ఒళ్ళోనే పెట్టుకున్నాను.