మా సారు నేర్పిన గుక్కెడు ఇంగ్లిష్

మా ఇంగ్లిష్ సారు పోయారన్న కబురు నాకు ఫోన్లో తెలిసింది. దవాఖానలో పొద్దుటి డ్యూటీకి వచ్చి, వార్డులో జ్వరాలు చూసుకుంటూ ఉన్నాను. ఫోన్ చేసింది సారు భార్య. ఆమెను మేమంతా అమ్మ అనే పిలుస్తాం. "మీ సారు పోయిండు బిడ్డా. పొద్దుగాల లేసిండు, మొకం కడిగిన, చాయ్ తాగిండు, గోడకు ఒరిగిండు. గంతే" అంది. ఇంకెవరైనా అయితే అయ్యో అంటారు. నా నోట్లోంచి మాత్రం "ఎంత తాగిన్రమ్మా?" అన్న మాట వచ్చింది. ఆమె ఏడుస్తూనే, "సగం తాగిండు. పొలమారలే" అంది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

చావు కబురు చెబితే చాయ్ సంగతి అడిగే మనిషి ఏం మనిషి అని మీకు అనిపించవచ్చు. ఆ సగం గ్లాసు వెనక ఒక ఇంగ్లిష్ పాఠం ఉంది. ముప్పై ఏళ్ల నాటిది.

చిన్నకోడూరు దగ్గర మా ఊరి బడికి సారు సిద్దిపేట నుంచి బస్సులో వచ్చేవారు. మగ్గం నేసే ఇంట్లో పుట్టారు. చేతి సంచిలో లావుపాటి డిక్షనరీ ఒకటి ఉండేది. దానికి వాళ్లమ్మ నేసిన గొల్లభామ చీర ముక్కతో అట్ట వేసుకున్నారు. మేం ఏదైనా అడిగితే, "నాకు తెల్వదు, సూద్దాం" అని ఆ బొమ్మల అట్ట తెరిచేవారు. తనకు తెలియదని ఒప్పుకునే టీచర్‌ను నేను మొదట చూసింది ఆయన్నే. ఆ తర్వాత కూడా ఎక్కువ మందిని చూడలేదు.

ఆయనకో పద్ధతి ఉండేది. సోమవారం ఒక్క మాట బోర్డు పైమూలన రాసేవారు. శనివారం దాకా దాన్ని ఎవరూ తుడవకూడదు. లెక్కల సారు డస్టర్ ఎత్తితే క్లాసంతా ఒక్కసారి అరిచేది, పాపం ఆయన ఆ మూల వదిలేసి తుడుచుకునేవాడు. ఆ వారమంతా ఆ ఒక్క మాటతోనే తినాలి, ఆడాలి, కొట్లాడుకోవాలి. "పది మాటలు వినుడు కన్న ఒక్క మాటతోని సంసారం జెయ్యుండ్రి" అనేవారు.

ఆరో తరగతిలో ఒక సోమవారం సారు రాసిన మాట సిప్. రాశాక ఏమీ చెప్పలేదు. అటెండర్ మూత పెట్టి తెచ్చిన తన స్టీలు గ్లాసు అందుకున్నారు. మూత తీశారు, పెదవులకు ఆనించారు, సర్రుమని చిన్న చప్పుడు చేసి కళ్లు మూసుకున్నారు.

"ఏం జేసిన?"

"చాయ్ తాగిన్రు సార్!"

"తాగిన, సరే. ఎట్ల తాగిన?"

అప్పుడు కబడ్డీ ఆడి రొప్పుతున్న ఒక పిల్లను ముందుకు పిలిచి చెంబెడు నీళ్లిచ్చారు. అది చెంబు దించకుండా గటగటా తాగేసి మూతి తుడుచుకుంది. "గిది సిప్పా?" అన్నారు. "కాద్సార్!" అన్నాం. "దూపైనోళ్లు సిప్పు చెయ్యరు. దూపకు గుక్క సాలదు, రుచికి గుక్క సాలు."

అంతటితో ఊరుకోలేదు. అందర్నీ బయటికి తీసుకుపోయారు. నల్లా కింద నీళ్లు నిలిచిన చోట ఒక కాకి వాలి ఉంది. "సప్పుడు జెయ్యకుండ సూడుండ్రి. ముక్కు ముంచుతది, తల లేపుతది, మింగుతది. మల్ల ముంచుతది. ఇంగ్లిషోళ్ల కన్న ముందుగాల సిప్పు నేర్సింది గిదే" అన్నారు. ఇంగ్లిష్ పీరియడ్‌లో కాకిని చూడటానికి బయటికి తోలుకుపోయారని హెడ్మాస్టర్ గారు కోప్పడ్డారట. మాకు ఆ సంగతి చాలా ఏళ్లకు తెలిసింది.

మీ ఇండ్లల్లో ఎవరు ఏది సిప్ చేస్తారో చూసి రండి అన్నది ఆ వారం ఇంటిపని. ఒకడు మా తాత కల్లు అని రాసుకొచ్చాడు. "మీ తాతను నేనెరుగుదు, ముంత ఎత్తితే దించడు. అబద్ధం రాయకు" అన్నారు సారు. ఇంకొకడు మా నాయిన బీడీ అని రాశాడు. మనం బీడీని కూడా తాగుతాం కదా మరి! సారు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆయన ఎప్పుడూ తప్పు అనేవారు కాదు, "గిది ఇంక పచ్చిగుంది, పండనియ్యి" అనేవారు. నేను మా నాయనమ్మ కషాయం అని రాశాను.

"ఆమెకు దూప లేదు. కషాయానికి రుచి లేదు. మరెందుకు గుక్క గుక్క తాగుతది?"

"చేదు సార్. ఒక్కసారే తాగితే కక్కుకుంటది."

సారు చాక్‌పీసు అందుకున్నారు. "నేను రుచి ఒక్కటే చెప్పిన. నువ్వు ఇంకోటి తెచ్చినవ్ బిడ్డా. తట్టుకోనీకి గూడ గుక్కే" అన్నారు. బోర్డు మీది సిప్ పక్కన నా వాక్యం రాసి, కింద నా పేరు రాశారు. శనివారం దాకా అది బోర్డు మీద ఉంది. ఇంగ్లిష్ అంటే నాకున్న భయం ఆ వారంలోనే పోయింది. నేనీ రోజు నర్సునయ్యానంటే దాని మొదలు అక్కడే ఉందని నా నమ్మకం.

సారును దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. చాయ్ చేతికొస్తే ఆయనకు గంట వినిపించేది కాదు. గుక్కకూ గుక్కకూ మధ్య ఒక కథ చెప్పేవారు, చివరికి సగం గ్లాసు చల్లారిపోయేది. జీవితంలో ఆయన నిండు గ్లాసు తాగినట్టు సాక్ష్యం లేదు. "సగం తాగెటానికి నిండ ఎందుకు పొయ్యాలె?" అని అమ్మ రోజూ సణిగేది, రోజూ నిండుగానే పోసేది. నేను నర్సింగ్ చదివొచ్చిన కొత్తలో కాస్త గీర్వాణం ఎక్కి, "సార్, అది సిప్పు కాదు, సిప్" అన్నాను. "నీ నోరు నీది, నా నోరు నాది. లోపటికి పొయ్యేది ఒక్కటే గద" అన్నారు. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు కూడా.

పోయిన ఏడు సారుకు పక్షవాతం వచ్చింది. నేను పని చేసే వార్డుకే తెచ్చారు. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. అన్నిటికన్నా పెద్ద కష్టం, మింగడం పోయింది. నీళ్లు తాగితే కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతాయి, చుక్క కూడా ఇవ్వొద్దని డాక్టరు గారు చెప్పారు. ముక్కులోంచి పైపు వేశారు. మన దగ్గర మంచాన పడ్డ మనిషిని చూడొచ్చినవాళ్లు ముందు చేసే పని గుక్కెడు నీళ్లు పట్టడం. వచ్చినవాళ్లంతా కొబ్బరినీళ్లో పండ్లరసమో పట్టుకొచ్చేవారు. నేను కుక్క కాపలా కాసినట్టు కాశాను.

అయినా ఒకరోజు జరగనే జరిగింది. కోహెడ నుంచి సారు అక్క వచ్చింది. నేను పక్క మంచం దగ్గర ఉండగా, తమ్ముడి పెదవులు ఎండిపోయాయని గ్లాసుతో నీళ్లు పోసేసింది. సారుకు పొలమారింది. ఆమె ఆయన నెత్తి మీద తట్టుతూ, "ఎవరో యాది జేస్తున్నరురా తమ్మీ" అంటోంది. ఇంట్లో పొలమారితే మనం చేసేది అదే కదా. నేను పరుగెత్తేసరికి ఆయన ముఖం నల్లబడింది. లేపి కూర్చోబెట్టి, గొట్టంతో గొంతులోని నీళ్లు లాగేసి, ఊపిరి కుదుటపడ్డాక, ఆ పెద్దమనిషి మీద వార్డంతా వినేలా అరిచాను. అలా అరిచి ఉండకూడదు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని ఒకే మాట అంది.

"గుక్కెడు నీళ్లియ్యనియ్యవు. నా తమ్ముడు దూపతోని పోతే గా పాపం నీదే."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఇరవై ఏళ్ల నౌకరీలో ఎన్ని తిట్లు తినలేదు! ఇది మాత్రం ఒంట్లోంచి పోలేదు. ఎందుకంటే సారు కళ్లు కూడా అదే అడుగుతున్నాయి. మంచం పక్క బల్ల మీది నీళ్ల సీసాను చూసేవారు, తర్వాత నన్ను చూసేవారు. నేను తల తిప్పుకుని సెలైన్ సరిచేస్తున్నట్టు నటించేదాన్ని. చదువు చెప్పిన మనిషికి నీళ్లు కాదన్నదాన్ని నేను. నా వైద్యం సరైనదే. కానీ ఈయన ఇలాగే పోతే, ఆ సరైన వైద్యాన్ని నేనేం చేసుకోను?

కొన్నాళ్లకు డాక్టరు గారు చెంచాతో మొదలుపెట్టమన్నారు. నీళ్ల కన్నా చిక్కటిది మింగడం తేలికట, అందుకని ముందు జావ. ఆ రోజు నేను పాత క్యాలెండర్ కాగితం వెనక పెద్ద ఇంగ్లిష్ అక్షరాలతో సిప్ అని రాసి, సారుకు కనిపించేలా గోడ పైమూలన అంటించాను. ఆయన చాలాసేపు చూశారు. ఎడమ పక్క పెదవి నవ్వింది.

వీపు నిటారుగా, గడ్డం ఛాతీ వైపు వంచి, చెంచాలో సగం. నోట్లో ఆపాలి, మింగాలి, ఖాళీ నోటితో ఇంకోసారి మింగాలి, అప్పుడు మళ్లీ చెంచా. పది చెంచాలకు అరగంట పట్టేది. ఒక్కోసారి విసిగి ఎడమ చేత్తో చెంచా నెట్టేసేవారు. "మా నాయనమ్మ కషాయం యాదికుందా సార్? తట్టుకోనీకి గూడ గుక్కే అని మీరే చెప్పిన్రు" అనేదాన్ని. కళ్లు మూసుకుని మళ్లీ నోరు తెరిచేవారు. అరవై దాటిన వయసులో, తను ఆరో తరగతి పిల్లలకు చెప్పిన పాఠాన్ని ఆ పిల్లల్లో ఒకదాని దగ్గర మళ్లీ నేర్చుకోవడం చిన్న విషయం కాదు. ఆయన సిగ్గుపడలేదు. అందుకే నాకు ఆయనంటే అంత గౌరవం. సారు అక్క ఊరికి పోకుండా అక్కడే గోడవారన కూర్చుని అంతా చూసేది. నాతో మాత్రం మాట్లాడేది కాదు.

పైపు తీసేశారు, ఇంటికి పంపారు. పలచటివి కూడా పట్టవచ్చని డాక్టరు గారు ఒప్పుకున్న రోజు నేను వాళ్లింటికి వెళ్లాను. అమ్మ అదే స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చింది, ఎప్పటిలాగే నిండుగా. గ్లాసు ఆయన ఎడమ చేతికి ఆనించి, "తాగుండ్రి సార్" అన్నాను. ఆయన కదల్లేదు. చేయి మెల్లగా ఎత్తి గోడకేసి చూపించారు. దవాఖాన గోడ మీది కాగితాన్ని అమ్మ పీకి తెచ్చి ఇక్కడ అంటించింది. నాకు అర్థమైంది. చేతులు కట్టుకుని, "సిప్పు చెయ్యుండ్రి సార్" అన్నాను, ఆయన పలికే తీరులోనే.

సర్రుమని ఆ పాత చప్పుడు వినిపించింది. అమ్మా నేనూ ఆయన గొంతు వైపే చూశాం. పొలమారలేదు. కళ్లు మూసుకున్నారు. సగం గ్లాసు తాగడానికి ఒక పీరియడంత సేపు పట్టింది. మిగతా సగం పక్కకు నెట్టేశారు. "ఇగ మా మనిషి మాకొచ్చిండు" అంది అమ్మ. ఆ తర్వాత ఎనిమిది నెలలు, రోజుకు రెండు పూటలా, సారు చాయ్ తాగారు.

సారు పోయిన మూడో రోజు, కాకి ముట్టాలని ఊరి బయట పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, మటన్ కూర, గారెలు అన్నీ ఉన్నాయి. కాకులు కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి, ఒక్కటీ దిగలేదు. ఎండ ఎక్కుతోంది. ఏం కోరిక మిగిలిందో అని ఒకరు, ఏం తక్కువైందో అని ఒకరు గొణుగుతున్నారు. దూపతోని పోతే గా పాపం నీదే అన్న మాట మళ్లీ నా చెవిలో పడింది. చివరి రోజు సగం గ్లాసు తాగారని తెలుసు. తెలిసినా ఆ తీగ వైపు చూడలేకపోయాను.

"చాయ్ మర్సిన్రు గదరా!" అంది అమ్మ ఉన్నట్టుండి. ఎవరో హోటల్‌కు పోయి ఫ్లాస్కులో తెచ్చారు. అమ్మ సంచిలోంచి ఆ స్టీలు గ్లాసు మూత తీసి, విస్తరి పక్కన వెల్లకిలా పెట్టి పోయబోయింది. సారు అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "నిండ పోయకు. వాడెన్నడన్న నిండ తాగిండా? సగమే పొయ్యి."

సగమే పోసి వెనక్కి వచ్చాం. చాయ్ కాస్త చల్లారింది. తీగ మీది నుంచి ఒక కాకి దిగింది. అన్నం దాటుకుని నడిచి, మూత దగ్గర ఆగింది.

"ముట్టింది, ముట్టింది! ఇగ పాండ్రి" అన్నారు ఎవరో. అందరూ ఒక్కసారి కదలబోయారు.

"ఆగుండ్రి" అంది సారు అక్క. "మెల్లగ తాగనియ్యుండ్రి." తర్వాత నా వైపు తిరిగింది. వార్డులో ఆ రోజు తర్వాత ఆమె నాతో మాట్లాడటం అదే మొదలు. "ఏందది బిడ్డా, నువ్వు గోడకు రాసింది?"

"సిప్పు, పెద్దమ్మా."

"ఆఁ. గదే చేస్తుంది సూడు."

ఎండలో అందరం అలాగే నిలబడ్డాం. కాకి ముక్కు ముంచింది, తల పైకెత్తింది, మింగింది. మళ్లీ ముంచింది.