మధ్యగోడ

మే నెల వడగాలికి బిలాస్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ పెనంలా కాలేది. పక్క క్వార్టర్లో ఒంటరిగా ఉండే ముసలావిడకీ మా అమ్మకీ కుళాయి దగ్గర తగువై మాటల్లేవు. అయినా రోజూ మిట్టమధ్యాహ్నం అమ్మ గరిటెతో మధ్యగోడ కొట్టేది. అవతల చెంబు మోగితే ఆవిడకి వడదెబ్బ తగల్లేదని ధైర్యం. అలాంటి శత్రువు దొరకాలంటే రాసిపెట్టి ఉండాలి.

ఒకరోజు ఎంత కొట్టినా జవాబు రాలేదు. అమ్మ తడి దుప్పటి, మజ్జిగ చెంబు పట్టుకుని చెప్పులైనా లేకుండా పరిగెత్తింది. వెనకే నేను. ముసలావిడ తడి గోనెపట్టా మీద నిక్షేపంలా కూర్చుని, పొద్దున కుళాయి దగ్గర అమ్మ ముందుగా బిందె పెట్టిందన్న కోపంతో మొహం తిప్పుకుంది.

అమ్మ రొప్పుతూనే అరిచింది: "ఏటత్తా ఇది! మాటాడకపోతే మానెయ్, గోడ మాత్రం కొట్టు!"

మర్నాడు అమ్మ గరిటె అందుకోకముందే అవతల చెంబు మోగింది. మాటలు మాత్రం వానలు పడేదాకా లేవు.